రేగడి దారి సైకిలు, కొండ దిగే సైకిలు

మా సింధనూరు తాలూకాలో సైకిలు తొక్కకుండా కిందికి జారాలంటే కాలవ గట్టు దిగాల్సిందే. అంతకు మించిన వాలు లేదు. తుంగభద్ర ఎడమ కాలవ కింద పొలాలన్నీ చదును. మస్కి దగ్గర, ముద్గల్ దగ్గర, రాయచూరు ఊళ్లోనే బండరాళ్ల గుట్టలు లేకపోలేదు. వాటి మీదికి సైకిలు మోసుకెళ్లి సరదాకి కిందికి దిగిన మనిషిని మాత్రం నేను చూడలేదు. ఇలాంటి చోట సైకిల్ షాపు నడిపినవాడికి కొండ దిగే సైకిలు ఊసెందుకని అడగొచ్చు. ఎందుకంటే ఆ సైకిలు ఏ కంపెనీ ఆఫీసులోనూ పుట్టలేదు. మా షాపు ముందు స్టాండు వేసుండే బరువు సైకిలు లాంటిదాన్నే కొందరు కుర్రాళ్లు కొండ మీంచి తోలి, విరగ్గొట్టి, మళ్లీ అతికించి తయారుచేశారు. వాళ్ల సైకిలు మారింది, మాది మారలేదు. నేను చెప్పదలుచుకున్నది ఆ తేడా గురించే.

మా జిల్లాలో చక్రం కథ రాయచూరు కోట దగ్గర మొదలుపెట్టాలి. కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది. 1294లో, కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, గోన గన్నారెడ్డి తరఫున విఠలుడు ఈ కోట కట్టించిన సంగతి దాని మీది శాసనంలో ఉంది. శాసనం పండితులు చదువుకుంటారు. నాబోటివాడు చూడాల్సింది ఆ పక్కన చెక్కిన బొమ్మలు. అంత రాయినీ బండి మీద వేసి తెస్తున్నారు. బారులు తీరిన దున్నలు లాగుతున్నాయి. బండి చక్రాలకు ఆకులు లేవు, గుండ్రటి దిమ్మలంతే. వెనక మనుషులు సన్నెకోలలు పెట్టి చక్రాలను ఎగదోస్తున్నారు. ఏడు వందల ఏళ్ల కిందటి పనివాళ్ల కష్టం అది. రాయచూరు స్టేషనులో దిగేవాళ్లకు కోట ఎంతో దూరం కాదు గానీ, ఆ రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగేవాళ్లు తక్కువ.

ఆ స్టేషనుకూ సైకిలుకూ సంబంధం ఉంది. బొంబాయి నుంచి వచ్చిన జీఐపీ రైలు మార్గం, మదరాసు నుంచి వచ్చిన మదరాసు రైల్వే మార్గం 1871లో కలిసింది రాయచూరులోనే. ఇంగ్లండులో స్టార్లీ రోవర్ సైకిలు 1885లో వచ్చింది. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను, అంటే ఇవాళ్టి ఆకారమే. గాలి టైరుకు డన్లప్ పేటెంటు తీసుకున్నది 1888లో. అంటే సరైన సైకిలు పుట్టేనాటికే మా జిల్లా అటు బొంబాయి రేవుతో, ఇటు మదరాసు రేవుతో కలిసిపోయి ఉంది. నైజాం ఏలుబడిలోని ఈ మూలకు సరుకు చేరడం కష్టం కాదు. చేరిన సైకిలు స్టేషను దాటి ఊళ్లోకి పోవడమే కష్టం. ఎండాకాలం దుమ్ము, వానాకాలం రేగడి.

1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్లు వదిలారు. 1956 నవంబరు 1న రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. ఆ రోజుల్లోనే గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి జనం ఇటు వచ్చారు. అక్కడ కొద్దిపాటి పొలం అమ్మితే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు వచ్చేది. మా నాన్న భీమవరం పక్క పల్లెటూరి మనిషి. ఆయన వెంట వచ్చిన సామానులో రెండు ట్రంకు పెట్టెలు, ఒక రాగి కాగు, ఒక హెర్క్యులిస్ సైకిలు. మేముండే చోటును ఊరు అనేవాళ్లు కాదు, క్యాంపు అనేవాళ్లు. ఇప్పటికీ అదే మాట. క్యాంపు నుంచి సింధనూరు సంతకు, మిల్లుకు, ఆసుపత్రికి సైకిలే దిక్కు. బస్సు మెయిన్ రోడ్డు దాకా వస్తే గొప్ప.

ఆ నల్ల సైకిలు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 28 అంగుళాల చక్రాలు, ముందు 32 చువ్వలు, వెనక 40. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి వెనక ఎక్కువ చువ్వలన్నమాట. బ్రేకుకు వైరు కాదు, ఇనప కడ్డీ. లీవరు నొక్కితే కడ్డీ పైకి లేచి, రబ్బరు కట్టలు రిమ్ము లోపలి అంచుకు ఒరుసుకుంటాయి. పెడలు చేతిని ఇరుసుకు బిగించేది కాటరు పిన్ను. తోలు సీటు, కింద రెండు స్ప్రింగులు. ఖాళీ సైకిలే 20 కిలోలు దాటేది. దాని మీద ఒక వడ్ల బస్తా, లేదా క్యారియరు మీద ఒకరు, ముందు కడ్డీ మీద ఒకరు. సర్కసు కాదు, రోజూ జరిగేదే.

ఈ సైకిలులో ఒక గుణాన్ని మెకానిక్కులు తప్ప పట్టించుకునేవాళ్లు లేరు. ముందు ఫోర్కు బాగా ముందుకు వాలి ఉంటుంది. నేలతో దాని కోణం సుమారు 67, 68 డిగ్రీలు. ఇంగ్లండులోనూ ఒకప్పుడు రోడ్లు అధ్వాన్నమే కాబట్టి అలా చేశారు. చక్రం మనిషికి ముందుగా, దూరంగా ఉంటే గుంటలో పడ్డా హ్యాండిలు చేతుల్లోంచి ఎగిరిపోదు. తారు రోడ్లు వచ్చాక పందెపు సైకిళ్లకు ఫోర్కు నిటారుగా నిలబెట్టారు, 73 డిగ్రీల దాకా. చురుగ్గా తిరగాలని. మా దారులకు అది పనికిరాదు.

ఇక రేగడి. వాన పడ్డ గంటకు మా నల్లమట్టి జిగురెక్కుతుంది. టైరు ఒక చుట్టు తిరిగితే ఒక పొర అంటుకుంటుంది. నాలుగు చుట్లకి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు మూసుకుపోతుంది, చక్రం తిరగడం మానేస్తుంది. మనిషి దిగి, కంప పుల్ల విరిచి, ఆ సందులోంచి మట్టి తవ్వి తీయాలి. పది గజాలు పోతే మళ్లీ అదే తంతు. చివరికి సైకిలును భుజాన వేసుకోవడమే. మట్టి పట్టిన సైకిలు బరువు మోసినవాడికే తెలుసు. జూన్ వస్తే మడ్‌గార్డులు విప్పించుకోడానికి షాపుకు వరస కట్టేవాళ్లు. వెనకదాన్ని విప్పి, ముందుదాన్ని కొంచెం పైకి వంచి బిగించేవాణ్ణి. సంక్రాంతి తర్వాత మళ్లీ తగిలించడం. బ్రేకు కూడా వానలో దండగే. పాలిష్ చేసిన ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. కాళ్లు నేలకు ఆన్చి ఆపేవాళ్లు. అందుకే చెప్పుల మడమలు అరిగేవి.

ఇలాంటి కష్టాలే 1970లలో అమెరికాలో కొందరికి ఎదురయ్యాయి. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ, అక్కడ టమాల్‌పైస్ కొండ. చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ అనే కుర్రాళ్లు, వాళ్ల స్నేహితులు పాత ష్విన్ సైకిళ్లు పోగేశారు. 1930, 40లలో పేపరు వేసే పిల్లల కోసం చేసిన బరువు సైకిళ్లవి. లావుపాటి టైర్లు, ముందుకు వాలిన ఫోర్కు. పాత సామాను కొట్లలో నాలుగు డబ్బులకు దొరికేవి. వాటిని లారీలో వేసి కొండ మీదికి తీసుకుపోయి మట్టి దారిలో కిందికి వదలడమే ఆట. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి పందెం పెట్టారు. దారి పొడవు 3 కిలోమీటర్ల పైచిలుకు, దిగుడు సుమారు 400 మీటర్లు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి గడియారం పెట్టేవాళ్లు. ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగిన రికార్డు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పందెం పేరు రీప్యాక్. ఆ సైకిళ్లకు బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పట్టేది. కొండ దిగేంతసేపూ అలా తొక్కి పట్టేసరికి హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి రాగానే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి, రీప్యాక్ అంటే అదే. గ్రీజు కూరనిదే రెండోసారి పైకి పోయేది లేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా షాపు బతికిందే గ్రీజు మీద. ఏడాదికోసారి ఓవరాయిలింగు అని వచ్చేవాళ్లు. హబ్బు విప్పి, గుళ్లన్నీ కిరసనాయిలు గిన్నెలో వేసి, బ్రష్షుతో కడిగి, గరుకెక్కినవి ఏరి పారేసి, కప్పులో వేలితో కొత్త గ్రీజు పూసి, గుళ్లు ఒక్కొక్కటే అందులో అద్దాలి. గ్రీజే వాటిని పట్టి ఉంచుతుంది. కోను బిగించాక చక్రం ఎత్తి తిప్పితే వాల్వు బరువుకు అది తనంతట తనే కిందికొచ్చి ఆగాలి. అలా ఆగితేనే బిగింపు సరిపోయినట్టు. ఈ పని వచ్చినవాణ్ణి ఆ కొండ కిందికి తీసుకెళ్లి కూర్చోబెట్టినా పని వెతుక్కోనక్కర్లేదు.

1977లో జో బ్రీజ్ పాత ష్విన్ కోణాలనే ఉంచి, క్రోమోలీ ఉక్కు గొట్టాలతో కొండ కోసమే కొత్త ఫ్రేము చేశాడు. ఆ మొదటి బ్రీజర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ పేరుతో వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ తెచ్చాక కొండ సైకిలు అంగడి సరుకైంది. తర్వాత కొన్నేళ్లు కొత్తదనం తక్కువే. అసలు మలుపు 1989లో పాల్ టర్నర్, స్టీవ్ సైమన్స్ రాక్‌షాక్స్ పేరుతో ఫోర్కు అమ్మడం. మోటారు సైకిలు ఫోర్కులా లోపలికి దిగే గొట్టాలు, గాలి, నూనె. మరుసటి ఏడాది 1990లో కొలరాడోలోని డురాంగోలో అంతర్జాతీయ సైకిలు సంఘం యూసీఐ కొండ సైకిళ్లకు పెట్టిన తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. కొండ దిగే పందెంలో గ్రెగ్ హెర్‌బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. 1993లో దిగుడు పందేలకు వరల్డ్ కప్ మొదలైంది. అక్కణ్ణుంచి ఎక్కే సైకిలు వేరు, దిగే సైకిలు వేరు.

ఈ కాలంలో మన దగ్గర ఏం జరిగింది? మదరాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. 1986లో హీరో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. సంతోషమే. కానీ అమ్మింది ఎక్కువగా ఆ నల్ల సైకిలే. అదే కడ్డీ బ్రేకు, అదే కాటరు పిన్ను, అదే మట్టి పట్టే మడ్‌గార్డు. రేగడిలో మోసుకెళ్లే రైతు కంపెనీకి ఉత్తరం రాయడు. పొద్దున్నే కూలికి పోయేవాడు గడియారంతో పందెం వేయడు. కాలిఫోర్నియాలో సైకిలు తొక్కినవాడే ఫ్రేము అతికాడు, అతికినవాడే మర్నాడు దాని మీద కొండ దిగాడు. మా దగ్గర తొక్కేవాడు ఒకడు, చేసేవాడు మరొకడు, మధ్యలో వెయ్యి మైళ్లు.

మరో పక్క కూడా చెప్పాలి. మారకపోవడం వల్ల లాభమూ ఉంది. ఏ కంపెనీ సైకిలైనా కోను ఒకటే, గుండు ఒకటే, కాటరు పిన్ను ఒకటే. దేవదుర్గలో విరిగిన సైకిలుకు మాన్విలో సామాను దొరికేది. చదువు లేనివాడు కూడా ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక నీళ్ల తొట్టితో చెట్టు కింద బతికాడు. టైర్లలో దిగే కంపతుమ్మ ముల్లు మా ఇలవేల్పు. అదే లేకపోతే సగం షాపులు తెరుచుకునేవే కాదు.

మా పెద్దన్నయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో కొండ దిగే సైకిలు తోలుతాడు. ఒకసారి దాన్ని కారు వెనక కట్టుకుని క్యాంపుకు తెచ్చాడు. క్యాంపు మొత్తం చుట్టూ మూగింది. నేను మాత్రం ముందు ఫోర్కు కోణం చూశాను.

"63 డిగ్రీలు బాబాయ్," అన్నాడు.

"తాతల కాలానికి తిరిగొచ్చారన్నమాట," అన్నాను. నల్ల సైకిలు కన్నా ఇంకా వాలుగా ఉంది. నిటారు దిగుడులో ముందు చక్రం ఎంత ముందుంటే మనిషి హ్యాండిలు మీంచి తల్లకిందులయ్యే ప్రమాదం అంత తగ్గుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం ఆ చక్రం దారి తప్పి అటూ ఇటూ పోతుంది. దానికి బాధ లేదు, ఎక్కేది లిఫ్టులోనో జీపులోనో.

ఫోర్కు గొట్టాలు హ్యాండిలు మెడకు కిందా పైనా రెండు చోట్ల బిగించి ఉన్నాయి. మోటారు సైకిలుకు ఉన్నట్టే. 200 మిల్లీమీటర్లు లోపలికి దిగుతాయి. నేను హ్యాండిలు మీద చెయ్యి వేసి బలంగా నొక్కి వదిలాను. దిగింది. పైకి మాత్రం నిదానంగా, ఒక్కసారే వచ్చి ఆగింది. ఆ ఆగడంలో ఉంది విద్య. స్ప్రింగు ఎవడైనా పెడతాడు. నొక్కిన స్ప్రింగు ఎగరకుండా, లోపల నూనెను సన్నటి రంధ్రాల్లోంచి పోనిచ్చి అదుపు చేయడమే ఖరీదైన పని. నూనె లేని స్ప్రింగు గుంట తర్వాత మనిషిని పైకి విసురుతుంది, అప్పుడు చక్రం నేలను వదిలేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం?

వాడు తెచ్చిన అసలు పని బ్రేకుది. "లీవరు హ్యాండిలు దాకా వచ్చేస్తోంది, చూడు బాబాయ్." లోపల గాలి చేరింది. కింద కాలిపరుకు నూనె నింపిన సిరంజి తగిలించి, పైన లీవరు దగ్గర మరో సిరంజి పెట్టి, కిందనుంచి మెల్లగా నెట్టాం. గొట్టంలో చిన్న చిన్న బుడగలు పైకి వచ్చాయి. గొట్టాన్ని స్పానరు పిడితో తడుతుంటే అంటుకుని ఉన్న బుడగ కూడా కదిలింది. బుడగలు ఆగాక మూత బిగించి నొక్కితే లీవరు సగంలోనే రాయిలా నిలబడింది. ఈ బ్రేకుల్లో కొన్నిటికి డాట్ ఆయిలు, కొన్నిటికి మినరల్ ఆయిలు. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు చెడతాయి. సీసా మీద చదవకుండా చెయ్యి పెట్టకూడదు. బ్రేకు పళ్లెం 200 మిల్లీమీటర్లు. రిమ్ముకు దూరంగా, హబ్బు దగ్గర ఉంటుంది కాబట్టి బురదా నీళ్లూ అంతగా తగలవు. రిమ్ము వంకర పోయినా బ్రేకు పడుతుంది. పళ్లెం ఎంత పెద్దదైతే వేడి అంత త్వరగా గాలికి పోతుంది. రీప్యాక్‌లో పొగై పోయిన గ్రీజుకు జవాబు ఇదన్నమాట.

మిగతావి కూడా చూశాను. గేర్లు వెనక ఏడే, ముందు పళ్ల చక్రం ఒక్కటే. దిగేవాడికి ఎక్కే గేర్లెందుకు? రాళ్ల మీద ఎగిరేటప్పుడు చైను ఊడకుండా పైన చిన్న పట్టీ, రాయి తగలకుండా కింద కాపు. టైరు రెండున్నర అంగుళాల వెడల్పు, ట్యూబు లేదు, లోపల పోసిన పాలలాంటి ద్రవం ముల్లు గుచ్చుకున్న చోట గడ్డకట్టి రంధ్రం మూస్తుంది. కంపతుమ్మ దేశంలో ముందు పుట్టాల్సింది అది. టైరు మీది బుడిపెలు దూరదూరంగా ఉన్నాయి, తిరిగే వేగానికి మట్టి రాలిపోవాలని. టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు ఆడేంత సందు వదిలారు. ఆ సందు చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. అది నూనె కాదు, కార్బన్ కాదు, ఖర్చు లేని పని. మా నల్ల సైకిలుకు మడ్‌గార్డు అరంగుళం పైకి పెట్టి ఉంటే ఎన్ని భుజాలు కాయలు కాయకుండా ఉండేవి!

వాడి సైకిలు బరువు 16 కిలోలు. ధర అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు, లక్షల్లో మాట. అయితే వెనక ఇరుసు విరిగితే సింధనూరులో కాదు గదా, బెంగళూరులో కూడా అన్ని షాపుల్లో దొరకదట. చక్రాలు మూడు కొలతలు, ఇరుసులు అంతకన్నా ఎక్కువ కొలతలు. ఏటా ఒకటి మారుస్తారు. ఈ ఒక్క విషయంలో మా నల్ల సైకిలుదే పైచేయి.

90లలో హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎంటీబీ లాంటివి వచ్చి, లావు టైర్లు, తిన్నటి హ్యాండిలు మా క్యాంపుల్లోకి వచ్చాయి. 2006-07లో కర్ణాటక ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లివ్వడం మొదలుపెట్టింది. ఆడపిల్లలు సైకిలెక్కి హైస్కూలుకు పోవడం చూసి మా ఆవిడ మురిసిపోయింది, నా అద్దె సైకిళ్లు మాత్రం మూలపడ్డాయి. అద్దె బోర్డు దించేశాను. అట్లాస్ వాళ్లు సాహిబాబాదులోని చివరి ఫ్యాక్టరీ మూసింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు.

ఇప్పుడు షాపుకు వచ్చే సైకిళ్లలో చాలావాటికి ముందు రెండు స్ప్రింగులు, నడుం దగ్గర ఎర్ర రంగు స్ప్రింగొకటి ఉంటున్నాయి. షాకరు సైకిలు అని పిల్లలు ఏడ్చి కొనిపించుకుంటారు. వాటిలో ఎక్కువవాటికి లోపల నూనె లేదు. నడుం స్ప్రింగుకు ఊగే కీలు దగ్గర ఏడాదిలోపే బుష్షు అరిగి చక్రం పక్కకు వాలుతుంది. తొక్కిన బలంలో కొంత ఆ ఊపుకే పోతుంది. బరువూ ఎక్కువే.

మీ పిల్లాడికి సైకిలు కొంటుంటే ఒక్క మాట వినండి. నడుం స్ప్రింగున్నది వద్దు, ఆ డబ్బు బ్రేకు మీద పెట్టండి. ముందు చక్రాన్నీ ఫ్రేమునూ పట్టుకుని ఊపి చూడండి, కటకటమంటే కోను వదులు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. చివరగా రెండు బ్రేకులూ గట్టిగా పట్టి సైకిలును ముందుకు తోయండి. చక్రాలు తిరిగితే కొట్టువాడు ఎంత తగ్గించినా దాన్ని అక్కడే వదిలేసి రండి.